లోడు మీద చూడు

ఎనుమాముల దిక్కు నుంచి గాలి తిరిగితే
మా షెడ్డు మొత్తం తుమ్ముతది.
మార్కెట్ల మిర్చి కుప్పలు పడ్డ దినాలు.
కండ్ల నీళ్లు తుడుచుకుంటనే
బండి కిందికి జొచ్చిన.

ఏటూరునాగారం దవాఖాన బండి.
నాలుగు చక్రాలు గుంజవలసింది
వెనుక రెండింటి మీదనే ఈడ్చుకుంట వచ్చింది.
డ్యాష్‌బోర్డుల పచ్చ దీపం
వెలగదు, ఆరదు,
కొట్టుకుంటది.

డ్రైవర్ లచ్చిరాం చెప్పిండు:
"శ్రావణంల వాగు నడుమ నాబు తిప్పిన.
టక్కుమన్నది. గంతే.
ముందు చక్రాలు మాకేం సంబంధమన్నట్టు నిలబడ్డయి.
సిస్టరమ్మ టీకాల డబ్బ నెత్తిన పెట్టుకొని
మొలమంటి నీళ్లల్ల నడిచిపోయింది.
నేను బండిలనే కూసున్న గంటన్నర.
దిగితే బండి పోతదని,
దిగకుంటే ఇజ్జత్ పోతదని."

అప్పటి సంది మూడు షెడ్లు తిరిగిందట.
ఒకడు ట్రాన్స్‌ఫర్ కేసు మోటరు మార్చిండు. పద్దెనిమిది వేలు.
ఒకడు కంప్యూటర్ డబ్బ మార్చిండు.
ఎంతయిందో లచ్చిరాం చెప్పలే,
జేబుల బిల్లు మడత విప్పలే.
మూడోడు కోడు చెరిపేసి "అయిపోయింది పో" అన్నడు.
ములుగు దాటకముందే దీపం మళ్ల కొట్టుకుంది.

స్కానర్ పెట్టిన.
అదే కోడు. మోటరు మాట వింటలేదని.
స్కానర్ పంచాయతిల మొదటి సాక్షి లెక్క,
ఎవడు పడ్డడో చెప్తది,
ఎవడు నూకిండో చూడలే.

కనెక్టరు ఊడదీసి మీటరు ఆనిచ్చిన.
పన్నెండున్నర. కడిగిన ముత్యం.
తీగ పొడుగూతా వేళ్లతోని తడిమిన.
తోలు ఎక్కడా చిట్లలే,
ఎలుక కొరకలే.
పొద్దు వాలింది. సద్ది డబ్బ మూత తియ్యలే.
లచ్చిరాం ఏమీ అడుగుతలేడు.
అడిగితే బాగుండు.

అప్పుడు యాదికొచ్చిండు యాకూబ్ ఉస్తాద్.
శివనగర్ల రేకుల కొట్టు, ఒక్క టెస్ట్ లైటు,
పదిహేనేండ్ల నేను.
"ఆడపిల్లకు కరెంటు పనేంది" అన్నోళ్లకు
జవాబియ్యకుంట
నా చేతికి బల్బు అందిచ్చినాయన.
"బేటీ, ఖాళీగున్నప్పుడు చూడకు.
ఖాళీగున్నప్పుడు అందరూ పన్నెండు వోల్టులే.
లోడు మీద చూడు."

కనెక్టరు మళ్ల బిగిచ్చి
వెనుక నుంచి సూదులు గుచ్చిన.
"అన్నా, నాబు తిప్పు."
మోటరు మూలిగింది.
పన్నెండున్నర, తొమ్మిది,
నాలుగు.
ఎనిమిదిన్నర దారిలనే ఎవరో మింగుతున్నరు!
పాత మోటరు తప్పు లేదు,
పద్దెనిమిది వేల కొత్తదాని తప్పు లేదు.
దాని దాకా బువ్వ చేరుతలేదు.

ఎర్త్ తీగ పట్టుకొని పాక్కుంట పోయిన
ఛాసిస్ మూలకు.
బోల్టు పైకి మెరుస్తనే ఉన్నది.
విప్పితే కింద చిలుము,
వాగు ఒండ్రు,
ఏ చెట్టుదో ఒక ఆకు ఈనె.
తీగల ఉన్నన్ని పోగులల్ల
రెండే బతికున్నయి.
ఆ రెండే ఇన్నాళ్లు
అడిగినోళ్లందరికీ మర్యాదగ
పన్నెండున్నర చూపినయి.

కత్తిరిచ్చిన. ఇనుము తెల్లబడేదాక రాకిన.
కొత్త లగ్గు, గ్రీజు, బోల్టు.
షెడ్డెనుక మోరీ బురదల దింపి నాబు తిప్పితే
ముందు చక్రాలు మట్టిని పట్టుకున్నయి.
దీపం నిలబడ్డది.

"సామాను నలబై రూపాయలు,
నా చెయ్యికి మూడొందలు" అన్న.
లచ్చిరాం నవ్వలే.
అప్పుడు విప్పిండు ఆ బిల్లు మడత,
చదివిండు, మళ్ల మడిచిండు.
దూరంగ పోయి ఒక బీడీ తాగొచ్చిండు.

రసీదు పుస్తకం తెరిచి అడిగిన:
"ఎవరి పేర రాయాలె, దవాఖాన పేరా, నీ పేరా?"

జరంత సేపు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడి
అన్నడు:
"పూనెం సారక్క అని రాయి.
నడిచింది ఆమెనే."